పైన ఎవరూ లేరు

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

అర్ధరాత్రికి ఉన్నట్టే మిట్టమధ్యాహ్నానికీ ఒక కోర ఉంటుంది. ఆ వేళ మనిషి నీడ భయపడి మనిషి కాళ్ళ కిందే దాక్కుంటుంది. ఆళ్ళగడ్డ వీధుల్లో ఆ రోజు దాక్కోవడానికి కూడా నీడలు లేవు. నల్లమల మీది నుంచి ఎగబాకిన కారుమబ్బు ఊరంతటినీ మూత పెట్టినట్టు కప్పేసింది. దూరంగా ఒక ఉరుము... కొండ కడుపులో బండరాళ్ళు దొర్లినట్టు! పట్టపగలే ఎదురింటి చూరు కింద ఒక గుడ్లగూబ వచ్చి కూర్చుంది. రెప్ప వేయకుండా కృష్ణస్వామిగారి పాత మిద్దె వైపే చూస్తోంది...

ఆ మిద్దె నడవలో ఒక మేడగది బరువంతా నాలుగు జాకీల మీద నిలబడి ఉంది.

కృష్ణస్వామిగారు పోయి పన్నెండేళ్ళు. పోతూ పోతూ కింది ఇల్లు కొడుకు నృసింహకూ, మేడగది కూతురు చూడామణికీ అని చెప్పి పోయారు. ఆ మేడగది నేలను మోసేది ఒకే ఒక టేకు దూలం. దాని మీద అడ్డంగా దంతెలనే సన్నటి వాసాలు, దంతెల మీద చెక్క పలకలు, పలకల మీద మట్టి, మట్టి మీద నాపబండలు. గోడలోకి దిగిన దూలం కొసను చెద తినేసింది. వేలితో నొక్కితే పిండిలా రాలుతోంది. పైన గది నేల నడిమికి నాలుగు వేళ్ళ లోతున కుంగిపోయింది. అందుకే నంద్యాల నుంచి సామ్యేలును పిలిపించారు.

సామ్యేలుకు అరవై దాటాయి. పై నేలను విప్పకుండానే కింది దూలాన్ని మార్చగలిగిన వడ్రంగి ఆ చుట్టుపక్కల అతనొక్కడే. జాకీలతో పై బరువును వెంట్రుకవాసి ఎత్తుతాడు. పాత దూలం లాగేసి కొత్తది గోడ గూళ్ళలోకి జారుస్తాడు. ఆ తర్వాత బరువును మెల్లగా దాని మీదికి దించుతాడు. ఆ దించే ముందు అతనికి ఒక నియమం ఉంది. పైన మనిషి ఉండకూడదు! బండలు జారినా, ఒక దంతె విరిగినా ప్రాణం పోతుంది. అందుకని మూడుసార్లు గట్టిగా అడుగుతాడు. ఆ ఇంటి మనిషి తన నోటితో జవాబు చెప్పాలి. అప్పటిదాకా జాకీ మీద చెయ్యి వేయడు.

"పైన ఎవురన్నా ఉండారా?"

మెట్ల మొదట్లో నృసింహ భార్య శ్రీవల్లి నిలబడి ఉంది. నృసింహ తెల్లవారుజామునే అహోబిలం వెళ్ళిపోయాడు. గుడి వంటశాలలో ప్రసాదాలు వండడం అతని పని.

"పైన ఎవురన్నా ఉండారా?"

చూడామణికి పొద్దుటి నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. పని అయ్యేదాకా పక్కింట్లో పడుకోమని పంపారు. అరగంట కిందట ఆమె అక్కడ నిద్ర పట్టక తిరిగి వచ్చి, దిండు పట్టుకుని మెట్లెక్కి పోవడం శ్రీవల్లి కళ్ళారా చూసింది. సామ్యేలు అప్పుడు పెరట్లో ఉన్నాడు.

"మూడోసారి అడుగుతాండానమ్మా. పైన ఎవురన్నా ఉండారా?"

 శ్రీవల్లి గోడ గూట్లో, కొత్త దూలం కొస వెనకాల, తాను దాచిన మూట వైపు ఒక్కసారి చూసింది.

"ఎవురూ లేరన్నా. దించు."

జాకీలు కిర్రుమన్నాయి. మేడగది బరువు అంగుళం అంగుళంగా కొత్త దూలం మీదికి దిగింది. గోడలో ఏదో చిన్నగా చిట్లిన శబ్దం... అదే క్షణాన మిద్దె నెత్తిన పిడుగు! ఎదురింటి గుడ్లగూబ ఒక్క అరుపు అరిచి, మబ్బులోకి ఎగిరిపోయింది!

*

శ్రీవల్లి పుట్టి పెరిగింది నంద్యాలలో. పదిహేనేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చింది. ఆ పదిహేనేళ్ళూ ఆమె నెత్తి మీద ఒక చప్పుడు నడుస్తూనే ఉంది. చూడామణి అడుగుల చప్పుడు. చూడామణి కుట్టుమిషను తొక్కుడు చప్పుడు. వంటింట్లో ఉన్నా, నడుము వాల్చినా, భర్తతో రెండు మాటలు చెప్పుకుంటున్నా పైన టకటక... టకటక...

చూడామణి చెడ్డది కాదు. పెళ్ళి వద్దనుకుంది, బట్టలు కుట్టుకుంటూ తన బతుకు తాను బతుకుతోంది. వదినకు నలతగా ఉంటే వచ్చి వంట చేసిపెట్టేది. కానీ నంద్యాలకు మారిపోదామని శ్రీవల్లి ఎన్నిసార్లు అడిగినా నృసింహ తల పైకెత్తి ఆ కప్పు వైపు చూసేవాడు. "చూడామణిని ఒక్కదాన్నే ఇడిచిపెట్టి యాడికి పోతాం?" ఆ ఒక్క మాటతో సరి. అప్పుడు కూడా పైన టకటక...

నెల కిందట ఒక మధ్యాహ్నం, వీధంతా నిద్రపోతున్న వేళ, ఒక మనిషి గడప ముందు నిలబడి మంచినీళ్ళు అడిగాడు. ఎండకు కమిలిన ముఖం, ఎర్రటి కళ్ళు, మెడలో ఏవో ఎముకల పూసలు. పేరు నాగలింగం అన్నాడు. నీళ్ళు తాగి, చెంబు తిరిగి ఇస్తూ కప్పు వైపు చూశాడు.

"నీ నెత్తిన ఎవురో తొక్కుతాండారు గదా తల్లీ..."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న శ్రీవల్లి చేయి ఆగిపోయింది. పదిహేనేళ్ళలో ఆ సంగతి అడిగిన మొదటి మనిషి అతను. ఎందుకు చెప్పిందో తెలియదు, దూలం మార్చబోతున్న సంగతితో సహా అంతా చెప్పేసింది.

"చంపాల్నా?" అని మామూలుగా అడిగాడు నాగలింగం.

"ఛీ! అవేం మాటలు! ఆమెకు ఏం కాగూడదు. పైన ఉన్నట్టు నాకు తెలియకుండా ఉంటే చాలు."

నాగలింగం నవ్వాడు. "అంతేనా! అది చంపడం కన్నా సులువు తల్లీ."

దుడ్లు వద్దన్నాడు. చూడామణి తలవెంట్రుకలు కొన్ని, ఆమె కుట్టి పారేసిన గుడ్డపీలిక ఒకటి అడిగి పట్టుకుపోయాడు. వారం తర్వాత ఒక మూట తెచ్చి ఇచ్చాడు. ఆ గుడ్డలో, ఆ వెంట్రుకల నడుమ, గుప్పిట్లో ఇమిడే కపాలం! పసుపు, కుంకుమ, ఇంకేదో నల్లటి జిగురు పూసి ఉంది. అది ఏ ప్రాణిదో శ్రీవల్లి అడగలేదు. అడిగితే పట్టుకోలేనని ఆమెకు తెలుసు.

"దూలం ఎత్తినప్పుడు గోడ గూట్లో పెట్టు. బరువు దించేటప్పుడు ఆ వడ్రంగోడు అడుగుతాడు. నీ నోటితో ఎవురూ లేరని చెప్పు. ఆ బరువు కింద ఆ మాట నలగాల. మిగిలింది నేను సూసుకుంటా."

అతను ఆమెకు చెప్పనిది ఒకటుంది. రుద్రవరం దాటి, అడవి అంచున, తన గుడిసెలో ఇరవై ఏళ్ళుగా అతను ఒక పిశాచాన్ని సాకుతున్నాడు. దానికి పేరు లేదు, రూపం లేదు, ఆకలి మాత్రం ఉంది! దానికొక దేహం కావాలి. ఎవరో ఒకరు తమ మనిషి అని లెక్కపెట్టుకునే దేహంలోకి అది చొరబడలేదు. కానీ సొంత ఇంటి మనుషులే 'లేదు' అన్న దేహం... తలుపు తీసిపెట్టిన ఇల్లు! తొమ్మిది రోజుల్లో పాత మనిషి పూర్తిగా చెరిగిపోతుంది. తొమ్మిదోనాటి మధ్యాహ్నం వచ్చి, ఆ దేహాన్ని తన వెంట నడిపించుకుపోవచ్చు!

*

మొదటి రోజు రాత్రి శ్రీవల్లి పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయింది. పైన ఒక్క చప్పుడు లేదు. పొద్దున లేచాక భయమేసి మేడ మీదికి పరుగెత్తింది. చూడామణి కిటికీ పక్కన కూర్చుని మిషను తొక్కుతోంది. జ్వరం కూడా తగ్గింది.

"నేల కదలడం లేదు వదినా. సామ్యేలన్న పని ఎంత బాగా చేసినాడో సూడు!" అని నవ్వింది.

శ్రీవల్లి కిందికి దిగి వచ్చి చెవులు రిక్కించి నిలబడింది. మిషను తిరుగుతూనే ఉండాలి. వినపడలేదు. కొత్త దూలం గట్టిది, అందుకే అనుకుంది. తనకు తానే అలా చెప్పుకుంది.

మూడోనాడు మెట్లు కడిగింది. తడి ఆరకముందే చూడామణి పక్క నుంచి మెట్లెక్కి పోయింది. శ్రీవల్లి వంగి చూసింది. తడి బండల మీద అడుగుల జాడ లేదు... ఒక్కటి కూడా!

"వదినా, పాలాయన నన్ను సూడకుండానే పోయినాడు. పిలిస్తే పలకలే. ఏమైంది ఆ మనిషికి?" పైనుంచి చూడామణి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

నాలుగో రోజు రాత్రి నృసింహ వంటింట్లో కూర్చుని రెండే విస్తళ్ళు వేశాడు.

"చూడామణికి?" అంది శ్రీవల్లి.

"ఎవరికి?"

"మీ చెల్లెలికి!"

అతను విస్తరి వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. "ఆఁ... అవును. మరిస్తి," అన్నాడు. మర్నాడు ఆ మాట కూడా అనలేదు. శ్రీవల్లి అన్నం పట్టుకుని మెట్ల వైపు పోతుంటే వింతగా చూశాడు.

"యాడికే? పైన ఎవరూ లేరు గదా!"

శ్రీవల్లి చేతిలోని పళ్ళెం జారి పడింది. తన అబద్ధం తన భర్త నోటి నుంచి, నిజంలాగా, అంత మామూలుగా వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆరో రోజు. అసుర సంధ్య... ఆకాశం గడ్డకట్టిన నెత్తురులా ఉంది. వీధి కుక్కలు మోరలెత్తి ఏడుస్తున్నాయి. శ్రీవల్లి అన్నం పట్టుకుని మేడ ఎక్కింది. గదిలో దీపం లేదు. మిషను చక్రం దానంతట అదే తిరుగుతోంది. సూది కింద గుడ్డ లేదు! చూడామణి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. జుట్టు నేల దాకా విరబోసుకుని...

"చూడా... అన్నం తెచ్చినా..."

ఆ తల మెల్లగా తిరిగింది. భుజం కదలలేదు, తల ఒక్కటే తిరిగింది! కళ్ళలో నల్లగుడ్లు లేవు. నోరు తెరుచుకుంది. లోపలి నుంచి వచ్చింది ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు. బండ మీద బండను ఈడ్చినట్టు...

"ఎవరికి తెచ్చినావే అన్నం? పైన ఎవరూ లేరని నువ్వే అంటివి గదా! హ్హహ్హహ్హ!"

నేల దడదడలాడింది! కనపడని కాళ్ళేవో గదంతా బరువుగా తొక్కుతూ ఆమె చుట్టూ తిరిగాయి. కొత్త దూలం కిందనుంచి మూలిగింది. శ్రీవల్లి కెవ్వున అరిచి మెట్ల మీదికి దూకింది. నాలుగు మెట్లు దిగేసరికి వెనకనుంచి ఇంకో గొంతు వినపడింది. సన్నగా, చంటిపిల్ల గొంతులా...

"వదినా... నేను ఉన్నానా?"

ఆ ప్రశ్నకు శ్రీవల్లి వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. తిరగలేదు. కిందికి పరుగెత్తి, తలుపు గడియ పెట్టుకుంది. తర్వాత ఆమె అన్నిటికంటే ఎక్కువగా అసహ్యించుకున్నది ఆ గడియ పెట్టిన చేతినే.

ఎనిమిదో రోజు పొద్దున కూరగాయలు తరుగుతూ ఉంటే పైన ఏదో గరగరమంది. 'ఈ చప్పుడు ఎవరింటి మిషనుది?' అనుకుంది శ్రీవల్లి. అనుకుని, తరగడంలో పడిపోయింది. రెండు వంకాయలు తరిగాక కత్తిపీట మీద ఆమె చేయి బిగుసుకుపోయింది. పేరు... ఆ పేరేంటి? పైన ఉండే మనిషి... నా ఆడబిడ్డ... పేరేంటి? కాసేపటికి పేరు గుర్తొచ్చింది. వెంటనే పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. చూడామణి. నా ఆడబిడ్డ. పైన ఉంది.

ఊరంతా మరిచిపోయింది. అన్న మరిచిపోయాడు. ఆమె ఉందని ఈ లోకంలో తెలిసిన మనిషి, ఆమెను లేదన్న మనిషి ఒక్కతే!

చీర కూడా మార్చుకోకుండా నంద్యాల బస్సెక్కింది.

*

శిరివెళ్ళ దాటాక ఆమె తల తేటపడింది. చూడామణి ముఖం, నవ్వు, దారం కొరికే పళ్ళు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కిటికీకి తల ఆనించి ఏడ్చింది.

సామ్యేలు ఇంటి ముందు బెంచీ కాలు బిగిస్తున్నాడు. అతని భార్య కమలమ్మ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"చర్చి బెంచీ బాగు చేస్తాండాడు సూడమ్మా. ఇంట్లో మంచం కోడు విరిగి మూడు నెల్లాయ. దేవుడు కింద పడతాడని బయం, పెండ్లాం పడితే ఏమీ ల్యా!"

"నీ బరువుకు ఏ కోడు ఆగుతాదిలే," అన్నాడు సామ్యేలు తల ఎత్తకుండానే. ఎత్తాక నవ్వు ఆగిపోయింది. "ఏందమ్మా, ఏమాయ? దూలం కుంగెనా? పైన మిషను కుట్టే యమ్మ బాగుండాదా?"

ఆమెను గుర్తుపెట్టుకున్న మనిషి! ఆళ్ళగడ్డలో తిని పడుకునేవాళ్ళకే ఆ మరపు పట్టింది. శ్రీవల్లి నేల మీద కూలబడి మొత్తం చెప్పింది. మూట సంగతి, మూడుసార్లు అడిగిన సంగతి, తన జవాబు.

కమలమ్మ చేట కింద పెట్టింది.

"మనిషిని పైన పెట్టుకోని ల్యాదంటివా? నోరెట్ల వచ్చెనమ్మా?"

"ఊరుకోయే!" అన్నాడు సామ్యేలు. అతని ముఖం పాలిపోయింది. "నాది గూడా తప్పే. మా నాయన అడగడమే గాదు, మెట్లెక్కి సూసేటోడు. నేను మోకాళ్ళు నొస్తాండాయని ఒక్క మాటను నమ్మితి. ఒక ప్రాణాన్ని బరువు కింద పెట్టి, కూలి తీసుకోని, బస్సెక్కి వస్తి."

"ఏదన్నా మార్గముందా అన్నా?"

"నాకు మంత్రాలు రావమ్మా. ప్రార్థన తెలుసు, పని తెలుసు. తప్పుగా దించిన బరువును మళ్ళా ఎత్తి, సక్కగా దించాల. అదొక్కటే నాకు తెలిసింది." అతను పనిముట్ల సంచి అందుకున్నాడు. "నేను మళ్ళా అడుగుతా. నువ్వు మళ్ళా చెప్పాల. అందరి ముందర. చెప్తావా?"

అందరి ముందర అంటే నృసింహ ముందర. శ్రీవల్లి తల ఊపింది. అయితే ఊపినంత తేలిక కాదని ఆమెకు తెలుసు.

*

తొమ్మిదో రోజు... మిట్టమధ్యాహ్నం!

ఆళ్ళగడ్డ మీద మబ్బు ఊడలు దింపింది. గాలి స్తంభించిపోయింది. ఊళ్ళో ఒక్క పిట్ట కూయలేదు. మిద్దె నడవలో సామ్యేలు నాలుగు జాకీలూ నిలబెట్టాడు. నృసింహకు ఆ రోజు సెలవు. అతనికి ఏమీ అర్థం కావడం లేదు.

"బాగున్న దూలాన్ని మళ్ళా ఎందుకన్నా కదిలిస్తాండావు?"

"పని ఉందిలే అప్పా," అన్నాడు సామ్యేలు. జాకీ తిప్పాడు. పైనుంచి ఒక భయంకరమైన గర్జన! నాపబండలు దంతాలు నూరినట్టు నూరుకున్నాయి. కప్పు నుంచి మట్టి జలజలా రాలింది. ఈ మేడగది తొమ్మిది రోజుల కిందటి కంటే పదింతలు బరువెక్కింది! సామ్యేలు మెడ నరాలు ఉబ్బాయి. "ప్రభువా... ప్రభువా..." అంటూ వెంట్రుకవాసి, వెంట్రుకవాసి ఎత్తాడు. దూలం గూట్లో వదులైంది. లోపల కపాలం కళ్ళ గుంటలు నిప్పుల్లా మెరిశాయి!

"ఆపండిరా!"

గడపలో నాగలింగం! నుదుట భస్మం, చేతిలో ఎముక, కళ్ళలో చితిమంట! ఒక్క అంగలో నడవ మధ్యకు వచ్చి, దూలం కింద నిలబడ్డాడు. ఎముక ఎత్తి సామ్యేలు వైపు చూపాడు. సామ్యేలు చేతులు జాకీ మీదే కొయ్యబారిపోయాయి. నాలుక మాత్రం ఆడుతోంది.

నాగలింగం శ్రీవల్లి వైపు తిరిగాడు.

"చెప్తే ఏమైతాదో తెలుసునా? ఆ పేరు నీ నోట వచ్చిందా, ఆ జాగా నీదైతాది! నిన్ను కన్నోళ్ళకు గూడా నువ్వు గుర్తుండవు. నోరు మూసుకో. అది నాతో వస్తాది. నువ్వు కోరిందే గదా? నీ నెత్తిన ఇంగ చప్పుడే ఉండదు!"

"అమ్మా!" సామ్యేలు పళ్ళు బిగించి అరిచాడు. "నేను అడుగుతాండా! పైన... ఎవురన్నా... ఉండారా?"

పైనుంచి చూడామణి గొంతు, చూడామణిది కాని గొంతు, రెండూ కలిసి పలికాయి. "ఎవరూ... లేరు..."

"పైన ఎవురన్నా ఉండారా?"

"ఎవరున్నారన్నా? ఎవరూ లేరు. దించు!" అన్నాడు నృసింహ.

"మూడోసారి అడుగుతాండా తల్లీ! పైన ఎవురన్నా ఉండారా?"

శ్రీవల్లి నోరు తెరిచింది. "ఉం..."

నృసింహ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో ఏదో ఆరిపోయింది. గుమ్మం ముందుకు బిచ్చానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? మా ఇంట్లో ఏం పని?"

పదిహేనేళ్ళ కాపురం... ఒక్క అక్షరానికి! ఇక్కడితో ఆపితే అతనికి మళ్ళీ గుర్తొస్తుంది. ఆపితే చాలు. నాగలింగం పెదవుల మీద నవ్వు విచ్చుకుంటోంది. ఇదా లేకపోవడమంటే? తొమ్మిది రోజులుగా ఆ పిల్ల పైన ఒంటరిగా మోసింది ఇదేనా?

"ఉంది!" శ్రీవల్లి అరుపుకు నడవ మారుమోగింది. "పైన నా ఆడబిడ్డ ఉంది! చూడామణి ఉంది! ఆ పొద్దు గూడా ఉండె! నేను కండ్లారా సూసి, లేదని అబద్ధం చెప్తి! ఆ మూట పెట్టింది నేనే! చూడా! నువ్వు ఉన్నావు! ఉన్నావు!"

ఫెళ్ళుమని గోడ గూట్లో కపాలం పగిలింది!

పైనుంచి దిక్కులు పిక్కటిల్లే ఆర్తనాదం! చూడామణిని వదిలిన బరువు దంతెల సందుల్లోంచి నల్లటి పొగలా కిందికి కారింది. అది దిగడానికి ఒక మనిషి కావాలి. శ్రీవల్లిని వదినా అనడానికీ, నృసింహను అన్నా అనడానికీ ఇప్పుడు చూడామణి ఉంది; సామ్యేలుకు కమలమ్మ ఉంది. ఇరవై ఏళ్ళుగా ఏ గడపలోనూ తన మనిషి అని ఎవరూ పిలవనివాడు ఆ దూలం కింద ఒక్కడే ఉన్నాడు!

నాగలింగం భుజాలు కుంగాయి. మీద ఏమీ లేదు... గాలి తప్ప! అయినా మోకాళ్ళు మడత పడ్డాయి. ఎముకలు ఒక్కొక్కటే పటపటమన్నాయి. "దించొద్దు! నా మీద దించొద్దు!" అని అరిచాడు. నెత్తి మీద చేతులు పెట్టుకుని, కనపడని దూలాన్ని ఎత్తబోయాడు. ఇరవై ఏళ్ళు సాకిన పిశాచం తన యజమాని మీదే పూర్తి బరువు మోపింది. గొంతు నొక్కుకుపోయింది. రొమ్ము లోపలికి దిగిపోయింది. నాపబండ మీద, నాలుగు జాకీల నడుమ, ఏ బరువూ లేని చోట నాగలింగం నలిగి చచ్చాడు!

బయట వాన భళ్ళున కురిసింది.

ఉగ్రనరసింహుడే దూలంలోంచి దిగి వాణ్ణి చీల్చాడని వీధిలో వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ప్రభువు చేసిన కార్యమని సామ్యేలు ప్రార్థనలో సాక్ష్యం చెప్పాడు. శ్రీవల్లి దేన్నీ కాదనలేదు. ఒక మనిషిని ఉందని చెప్పడానికి అంత బలం ఉంటుందని ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే లేదని చెప్పేటప్పుడే భయపడేది.

నృసింహ మెట్ల వైపు పరుగెత్తాడు. "చూడా! చెల్లీ!" అంటూ ఏడుస్తున్నాడు. సగం మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఈసారి ఆమె ఎవరో అతనికి బాగా తెలుసు. తెలిసిన చూపే ఎక్కువ భయంకరంగా ఉంది.

సామ్యేలు మోకాళ్ళు పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి పోయి చూశాడు. చూడామణిని చేయి పట్టుకుని కిందికి దించి, ఖాళీ గదిని ఇంకోసారి చూసి వచ్చాడు. ఆ తర్వాతే బరువు దించాడు.

*

మూడు రోజుల తర్వాత, పోలీసుల రాకపోకలు తగ్గాక, సాయంత్రం శ్రీవల్లి అన్నం పట్టుకుని మేడ ఎక్కింది. చూడామణి చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురు లేదు, కళ్ళు మాత్రం ఆమె కళ్ళే. పళ్ళెం తీసుకుని నాలుగు ముద్దలు తింది.

"వదినా, ఆ పొద్దు నేను నిద్రపోలేదు," అంది.

"ఏ పొద్దు?"

"అమావాస్య పొద్దు. సామ్యేలన్న మూడుసార్లు అడిగినాడు. నాకు వినపడె. లేచి, ఉండానన్నా అని పలకబోతి. అంతలో నువ్వు ఎవురూ లేరంటివి." ఆమె పళ్ళెంలో వేలితో గీతలు గీస్తోంది. "వదినకు తెలుసు గదా నేను ఉన్నట్టు, మరి ఎందుకట్ల అనె అనుకుంటి. అంటే అంతే కాబోలు అనుకుంటి. అందుకే పలకలే. మళ్ళా పడుకుంటి."

శ్రీవల్లి పెద్దది, వదిన. అయినా వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. చూడామణి కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"పెద్దదానివి, వద్దు. నా కోసం మొగుణ్ణి గూడా పోగొట్టుకోను తయారైతివంట. అన్న చెప్పె. నాకు తెలుసు." పళ్ళెం వదిన వైపు జరిపింది. "కానీ సరేలే వదినా అనే మాట నా నోట ఇంగా రాలే. వచ్చిన పొద్దు నేనే కిందికి దిగి వచ్చి చెప్తా. అందాకా నన్ను అడగొద్దు."

శ్రీవల్లి పళ్ళెం తీసుకుని కిందికి వచ్చేసింది.

అది శ్రావణం. ఇప్పుడు మార్గశిరం నడుస్తోంది. చూడామణి రోజూ కిందికి వస్తుంది. నీళ్ళు పట్టుకుంటుంది, కూర రుచి చూసి ఉప్పు చాలలేదంటుంది, అన్నతో మాట్లాడుతుంది. ఆమె మెట్ల మీద కాలు పెట్టిన ప్రతిసారీ శ్రీవల్లి చేతిలో పని ఆపి నిలబడుతుంది.